సొంత వల కోసేవారి దయ

తంగూసు చుట్టుకున్న సముద్రపు తాబేలును డైవర్లు విడిపించడం మంచి పనే. తాబేలుకు ఉన్నవి ఊపిరితిత్తులు. పైకి తేలలేకపోతే నీళ్లలోనే చచ్చిపోతుంది. అయితే డైవరు కోసేది ఎవరో పారేసిన తంగూసు. మా గంజాం తీరంలో నాన్న కోసేది అప్పు చేసి కొన్న సొంత వల. రెండూ ఒకే దయ ఎలా అవుతాయి? నా మటుకు రెండోదే బరువైనది.

రుషికుల్య మొగ దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా, 20 కిలోమీటర్ల లోపు మోటారు పడవల వేట నిషేధం. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, సరే. హద్దు దాటి వేసినా తాబేలు వలలో పడుతుంది. అది అందరిదీ అయినప్పుడు, తెగిన వల ఖరీదు ఒక్క జాలరి మీదే ఎందుకు పడాలి?

నాన్ననడిగాను. "జీవి గదమ్మా, కొయ్యకేం చేస్తాం" అన్నాడు, వల కుడుతూనే.