చాట పక్కన జాగా

కొడిమ్యాలలో ఓ వాకిలి. అవ్వ చాటలో మక్కలు చెరుగుతుంటే, నాలుగేళ్ల మనవరాలు పిడికెడు తీసి గలగలా జారవిడుస్తుంది. మళ్లీ తీస్తుంది. మనకది అల్లరి, దానికది చదువు. 1907లో రోమ్‌లో బాలల గృహం తెరిచిన మారియా మాంటిస్సోరి కూడా తొలి పాఠాలు వేళ్లకు, చెవులకు, కళ్లకే పెట్టారు.

అలాంటి పాఠాలు మన ఇంట్లోనూ పెట్టొచ్చు. ఖాళీ సీసాలో గుప్పెడు పెసర్లు పోసి, మూత ఊడకుండా బిగిస్తే గిలక్కాయ. సిరిసిల్ల నూలుగుడ్డ, గోనెపట్టా, పాత పట్టుచీర అంచు వరుసగా కుడితే తడిమి చదివే పుస్తకం. రెండు జాగ్రత్తలు: మూడేళ్లలోపు పిల్లలకు విడిగింజలు ఇయ్యొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. నీళ్లతో ఆడుతుంటే వాళ్ల పక్కనుంచి లేవొద్దు.

ఈ ఆటలకు బజారుకు పోవాల్సిన పని లేదు. అవ్వ చాట పక్కన ఇంత జాగా చాలు.