టోపీ ఎత్తని ఆటగాడు

స్తుతినిందలు రెండింటియందును సమభావము ఉండవలెనని మన మునిమహారాజులు ప్రతి చాతుర్మాస్యమునందును చెప్పుచునే యుందురు. నిందను సహించుట ఎంత కష్టమో అంగడిలో కూర్చుండు మనకందరకును తెలియును. కాని పొగడ్తను పుచ్చుకొనకపోవుట సమభావమా, గర్వమా? ఒక అమెరికా ఆటగాని కథ చదివినది మొదలు ఈ సందేహము నన్ను విడువలేదు.

అతడు టెడ్ విలియమ్స్. ఆట బేస్‌బాల్, మన క్రికెట్టునకు దూరపు చుట్టమువంటిది. 1939 మొదలు 1960 వరకు, సైన్యములో విమానచోదకుడుగా నుండిన కాలము పోగా, అతడు బోస్టన్ నగరపు రెడ్ సాక్స్ జట్టుకే ఆడెను. 1941లో అతని బ్యాటింగు సగటు .406. అమెరికన్ లీగులో ఆ తరువాత .400 అందుకొన్నవారు లేరు. పుట్టినది శాన్‌డియాగోలోనైనను బోస్టనే అతని ఊరైనది.

ఆ ఊరి ప్రేక్షకులతోనే అతనికి పడలేదు. తొలినాళ్ళలోనే వారి ఎగతాళికి అలిగి, చప్పట్లకు బదులుగా టోపీ ఎత్తు మర్యాదను మానివేసెను. 1956 ఆగస్టు 7న ఒక బంతిని జారవిడువగా ముప్పదియారు వేలకు మించిన జనములో వెక్కిరింతలు చెలరేగినవి. అదే ఇన్నింగ్సులో మరొక బంతిని చక్కగా పట్టుకొనగా జేజేలు మ్రోగినవి. అప్పుడతడు ప్రేక్షకులవైపు ఉమ్మివేసెను. జట్టు యజమాని 5,000 డాలర్ల జరిమానా విధించెను.

వెక్కిరించినప్పుడు కాదు, జేజేలు పలికిన తరువాత ఉమ్మినాడు! ఇచ్చట నేను చాలసేపు ఆగితిని. టిక్కెట్టు కొన్నవానికి ఆట బాగులేదనుటకు హక్కు కలదు, సరకు బాగులేదనుటకు కొన్నవానికి హక్కున్నట్లే. అయినను సరకును తప్పుపట్టుట వేరు, మనిషిని అవమానించుట వేరు. ఒక్క గడియలో మారిపోవు మెప్పు అతనికి నిందకంటెను చేదుగా తోచియుండును.

1960లో జట్టు 65 ఆటలు గెలిచి 89 ఓడినది. సెప్టెంబరు 28న ఫెన్వే పార్కులో అతని చివరి ఆట చూడవచ్చినవారు పదివేల పైచిలుకు మాత్రమే. కడపటి పర్యాయమున హోమ్ రన్ కొట్టెను. అది అతనికి 521వది. జనము లేచి నిలబడి పిలిచిరి. అతడు తల వంచుకొని పరుగెత్తి లోనికి పోయెను. టోపీ ఎత్తలేదు.

కొందరు అందులో ఒక మహత్తును చూచిరి. నాకు అట్లు తోచదు. తీర్థంకరుని ప్రతిమ మన స్తోత్రమునకు పొంగదు, నిందకు కుంగదు. విలియమ్స్ మౌనము అట్టిది కాదు. ఇరువదేండ్లనాటి కేకలు అతని చెవిలో ఇంకను మ్రోగుచుండెనేమో. దానిని మనవారు మానకషాయమందురు. అతడు చెడ్డవాడని నేననను. క్యాన్సరు సోకిన పిల్లలకై ఏర్పడిన జిమ్మీ ఫండునకు ఏండ్ల తరబడి పాటుపడెను. ఆసుపత్రిలో పిల్లలను చూడబోవునప్పుడు పత్రికలవారు రాకూడదనెడివాడు. గుప్తదానము తెలిసినవానికిని కోపము విడుచుట తెలియలేదు.

దూరము పోనేల? నా అంగడిలో ఒక పెద్దమనిషి తూకము విషయమై పదిమంది ఎదుట నన్ను నానామాటలు అనెను. పొరపాటు తనదేయని తెలిసిన పిదప వచ్చి నమస్కరించెను. నేను చిట్టాపుస్తకమునుండి తలయెత్తలేదు. ఏడేండ్లు అటులే గడచినవి. దానిని సమభావమనియే అనుకొంటిని. ప్రతి సంవత్సరినాడును సకల జీవులను క్షమించితినని పలుకుచుంటిని. ఆ జీవులలో ఆయన ఉన్నాడో లేడో చూచుకొనలేదు.

విలియమ్స్ 2002లో కాలధర్మము చెందెను. అంతకు పదకొండేండ్ల ముందు, 1991 మే నెలలో, డెబ్బది రెండేండ్ల వయస్సున, ఫెన్వే పార్కులో తనకు జరిగిన సన్మానమున టోపీ ఎత్తి జనమునకు ఊపెను. తొలుత వెక్కిరించినవారిలో ఎందరు అప్పటికి మిగిలియుండిరో!

అది చదివిన వారమునందే నేను ఆ పెద్దమనిషి ఇంటికి పోయితిని. తలుపు తీసినది ఆయన కుమారుడు. గోడమీది పటమునకు దండ వేసియుండెను.