చెడిపోయిన వస్తువు కూడా అమానతే

రంజాన్ నెల రాకముందే ఇల్లు శుభ్రం చేసుకోవడం మనకు అలవాటు. అప్పుడు అటకల మీద నుంచి, మంచాల కింద నుంచి ఏమేమి బయటపడతాయో మనందరికీ తెలుసు. తిరగని మిక్సీ, వెలగని ట్యూబులైటు, బొమ్మ రాని డబ్బా టీవీ, చల్లబడని ఫ్రిజ్. పాత సామాన్ల అతను వస్తే ఇచ్చేస్తాం. అతను కాదన్నదాన్ని కాలువ గట్టున పడేస్తాం. మరీ పుణ్యం మీద మనసైతే పనిమనిషికో, మదరసాకో 'దానం' చేస్తాం.

ఈ దానం సంగతే ముందు చూద్దాం. మనకే ఎవరైనా ఇస్తే కళ్ళు మూసుకుని తప్ప పుచ్చుకోలేని నాసిరకం వస్తువును ఏరి దైవమార్గంలో ఇవ్వవద్దని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 267వ ఆయతులో అల్లాహ్ హెచ్చరించాడు. ఆ పేదరాలు మనమిచ్చిన ఫ్రిజ్‌ను రిక్షా కిరాయి పెట్టుకుని తీసుకెళ్ళి, మెకానిక్‌కు డబ్బు పోసి, చివరికి ఇనుము కింద అమ్ముకుంటే మనం చేసింది సదఖా ఎలా అవుతుంది? మన బరువు ఆమె నెత్తిన పెట్టాం, అంతే. బాగు చేయించి ఇస్తే అది వేరే మాట. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ చెప్పులు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మరమ్మతు చేయించడం మనకు నామోషీ కాకూడదు.

ఇక అమ్మకం. పైన పొడి ధాన్యం, లోపల తడి ధాన్యం పెట్టి అమ్ముతున్న వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించారు, మోసగించేవాడు తనవాడు కాడన్నారు. బెల్లం మార్కెట్ ఉన్న మన అనకాపల్లి వారికి ఈ హదీసును విడమరచి చెప్పనక్కర్లేదు. లోపం దాచి పాత టీవీ అమ్మినా అంతే.

అసలు మాటకు వస్తాం. కొన్నేళ్ళ క్రితం మేము పాత గ్రైండరు వైర్లు, మరికొన్ని కేబుళ్ళు ఒకతనికి ఇచ్చాం. రాగి కోసం అతను వాటిని మా పెరటి వెనకే తగలబెట్టాడు. మేము చూసి కూడా ఊరుకున్నాం. పక్కింటి పెద్దమ్మకు ఆయాసం. రాత్రంతా ఆమె దగ్గు మాకు వినిపించింది. వైరు మీది ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయని మాకు తర్వాత తెలిసింది. కానీ పొరుగువారిని బాధించకూడదని ముందే తెలుసుగా!

డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది, పసిపిల్లల మెదడుకు అది చేటు. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది. ఫ్రిజ్ గొట్టం కోస్తే గ్యాసు గాలిలో కలుస్తుంది. చాలా ఫ్రిజ్‌లలో వాడిన ఆర్-134ఎ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కొత్త ఫ్రిజ్‌లలోని ఆర్-600ఎ అయితే మండే వాయువు. దారిలోని హానికర వస్తువును తొలగించడం కూడా ఈమాన్‌లో భాగమని నేర్చుకున్న మనం, ఆ హానిని మన చేతులతోనే దారిలో పెట్టవచ్చునా?

కాబట్టి ఇంటి దగ్గర ఏదీ పగలగొట్టనివ్వకండి, కాల్చనివ్వకండి. పాత ఫ్రిజ్ బయట ఉంచాల్సివస్తే తలుపు ఊడదీయించండి, ఆటల్లో పిల్లలు లోపల దూరి ఊపిరాడక పోయే ప్రమాదం ఉంది. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని తీసుకుంటారా, ఎక్కడికి పంపుతారు అని దుకాణంలో అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, నమోదైన రీసైక్లర్ల ద్వారా ఈ వ్యర్థాలను శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే. ఇనుము కింద ఇస్తే వచ్చే నాలుగు రూపాయలు తగ్గవచ్చు, తగ్గనివ్వండి.

దాసుల హక్కుల విషయంలో నమాజు తర్వాత చేసే తౌబా ఒక్కటే చాలదు, ఆ మనిషి కూడా క్షమించాలి. అందుకే మేము పెద్దమ్మ గుమ్మం దాకా వెళ్ళాం. ఆమె మా మాట పూర్తిగా వినకుండానే, "ముందు లోపలికి వచ్చి కూర్చోండి నాయనా" అంది.