ఎవరికీ పనికిరాని పద్దు

స్ట్రాట్-ఓ-మాటిక్ అనే అమెరికన్ బేస్‌బాల్ ఆటలో ఆటగాడికో కార్డు ఉంటుంది. కార్డు నిండా అంకెలే. ముందు ఒక పాచిక వేస్తారు. ఒకటి, రెండు, మూడు పడితే బ్యాటర్ కార్డు చూడాలి. నాలుగు, ఐదు, ఆరు పడితే బంతి వేసే పిచ్చర్ కార్డు. తర్వాత రెండు పాచికలు వేసి, రెంటి మొత్తానికి ఎదురుగా ఏం రాసుందో చదువుకోవాలి. ఏడుకి ఎదురుగా క్రికెట్ సిక్సర్ లాంటి హోమ్‌రన్ అని ఉంటే ఆ బ్యాటర్ గట్టిపిండమన్నమాట. రెండు పాచికలు 36 రకాలుగా పడితే అందులో 6 సార్లు ఏడే వస్తుంది. రెండైనా పన్నెండైనా ఒక్కోసారే. కొన్నిచోట్ల ఇంకో మెలిక ఉంది. ఇరవై ముఖాల పాచిక కూడా వేయాలి. ఫలానా అంకెలోపు పడితే హోమ్‌రన్, దాటితే గాల్లోకి లేచిన బంతి ఫీల్డర్ చేతికి చిక్కినట్టు. హాల్ రిచ్‌మన్ అనే ఆయన పదకొండేళ్ల వయసులో ఈ ఆట కట్టడం మొదలుపెట్టి, 1961లో అమ్మకానికి తెచ్చాడు.

ఎంత మొనగాడైనా సగం సార్లు అతని కార్డు వైపు ఎవరూ చూడనే చూడరు. ఎదుటివాడి కార్డే ఫలితం చెబుతుంది. ఈ ఆటలో నాకు బాగా నచ్చిన సంగతి ఇది. మన బతుకుల్లో మన వాటా ఎంతో, ఎదుటివాడి వాటా ఎంతో అచ్చువేసి ఇచ్చేవాళ్లు లేరు. అందుకే కలిసొచ్చినప్పుడు అంతా మన ప్రతిభే అనుకుంటాం, బెడిసికొట్టినప్పుడు మాత్రం గ్రహాలను వెతుక్కుంటాం.

ఈ ఆటా, ఇలాంటి మరికొన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో లీగులుగా నడుస్తున్నాయి. ఒక్కొక్కరికి ఒక్కో జట్టు. ఎవరి తర్వాత ఎవరు బ్యాటింగ్‌కి దిగాలో, రేపు ఎవరు బంతి వేయాలో సర్దిపెట్టి పడుకుంటారు. మ్యాచ్ కంప్యూటర్ ఆడేస్తుంది. పొద్దున్నే ఫలితం చూసుకోవడమే. ఇలాంటి చోట తరచూ ఒక మనిషి తగులుతాడు. తన జట్టు తను నడుపుకుంటూ ఊరుకోడు, లీగు మొత్తానికీ భారీ హిట్టింగ్ చిట్టా రాస్తాడు. ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్‌రన్లు కొట్టిందెవరు, వరసగా ఐదు మ్యాచ్‌ల్లో కొట్టిందెవరు, స్లగింగ్‌లో ఈ వారం పైకొచ్చిందెవరు, జారిందెవరు. జీతం లేదు, బహుమతి లేదు. ఆ మాటకొస్తే బంతీ లేదు, మైదానమూ లేదు. కంప్యూటర్ ఎలాగూ లెక్కలు కట్టి ఉంచుతుంది కదా, మళ్లీ ఈయనకెందుకీ శ్రమ అనిపిస్తుంది. కంప్యూటర్‌కి అన్ని హోమ్‌రన్లూ ఒకటే. నెలంతా బ్యాట్‌కి బంతి తగలక నానా తిప్పలూ పడ్డవాడు నిన్న రెండు కొట్టాడన్న సంగతి మాత్రం ఒక మనిషి కంటే పడాలి.

స్లగింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. సింగిల్‌కి 1, డబుల్‌కి 2, ట్రిపుల్‌కి 3, హోమ్‌రన్‌కి 4 వేసి కూడి, లెక్కకొచ్చే బ్యాటింగ్ వంతులు ఎన్నో దాంతో భాగించడమే. 2001లో బ్యారీ బాండ్స్ 73 హోమ్‌రన్లు కొట్టాడు. ఒక సీజన్లో అంతకు మించి కొట్టినవాడు ఈనాటికీ లేడు. ఆ ఏడు అలా కూడితే అతనికి వచ్చింది 411, భాగించాల్సింది 476తో. వచ్చేది .863. ఉత్ప్రేరకాల అనుమానం ఆ అంకెను ఇంకా వదల్లేదు, అది వేరే కథ. చిట్టా రాసే అలవాటున్నవాడి చూపు మాత్రం ఇంకోచోటికి పోతుంది. ఆ 476లో హిట్లు 156. అంటే అంతటి ఏడాదిలోనూ 320 సార్లు హిట్టే లేదు. రోజూ ఇలాంటి లెక్కలు చూసేవాడికి ఒక్క రోజు ఓటమి పెద్ద వార్తగా కనిపించదు. ఒక్క రోజు గెలుపూ అంతే.

ఈ వ్యసనానికి చీకటి వైపు లేదనను. రాబర్ట్ కూవర్ 1968లో రాసిన నవలలో వా అనే గుమస్తా రాత్రుళ్లు పాచికలేస్తూ, తన ఊహలో పుట్టిన లీగుకి లెక్కలు రాసుకుంటుంటాడు. తనకెంతో ఇష్టమైన కుర్ర ఆటగాణ్ని పాచికలే చంపేస్తే తట్టుకోలేక పిచ్చివాడైపోతాడు. రచయిత జాక్ కెరొవాక్ కూడా చిన్నప్పటి నుంచీ ఊహా జట్లు, కార్డులు, పట్టికలు, వాటికి తనే రాసిన వార్తలతో కాలం గడిపాడు. ఆ కాగితాలు ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. ఆయనకు పిచ్చెక్కలేదు, నవలలు రాశాడు. తేడా ఎక్కడుందంటే, మొదటివాడికి పాచికలు తన మాట వినాలి. ఏం పడితే అది రాసుకోవడం రెండోవాడికి తెలుసు.

పడింది పడ్డట్టు రాయడం తేలిక అనుకుంటాం గానీ, అసలు బేస్‌బాలే చాలాకాలం ఆ పని సరిగా చేయలేదు. జాష్ గిబ్సన్ నల్లజాతి ఆటగాడు. ఆ రోజుల్లో నల్లవాళ్లకు పెద్ద లీగుల్లో చోటు లేదు కాబట్టి నీగ్రో లీగుల్లో ఆడాడు. 1947 జనవరిలో 35 ఏళ్లకే చనిపోయాడు. మరో మూడు నెలలకి జాకీ రాబిన్సన్ అనే నల్ల ఆటగాడు ఆ అడ్డుగోడ దాటి పెద్ద లీగులోకి వచ్చాడు. గిబ్సన్ కొట్టినవన్నీ ఎవరో కొందరు పట్టుబట్టి పాత పత్రికల స్కోర్లు వెతికి, కాకిలెక్కలు ఏరిపారేసి కూర్చితే తప్ప దొరకలేదు. స్ట్రాట్-ఓ-మాటిక్ 2009లోనే నీగ్రో లీగుల కార్డులు తెచ్చింది. అంటే ఎవరింటి బల్ల మీదో గిబ్సన్ అప్పటికే పెద్ద లీగుల దిగ్గజం బేబ్ రూత్‌తో తలపడుతున్నాడు. మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆ లెక్కలను తన అధికారిక పుస్తకాల్లోకి ఎక్కించింది 2024 మే నెలలో. అప్పుడు తేలింది: కెరీర్ మొత్తమ్మీద స్లగింగ్‌లో గిబ్సన్ .718, రూత్ .690. ఒక సీజన్ లెక్కలో బాండ్స్ .863ని కూడా గిబ్సన్ 1937లోనే .974తో దాటేసి ఉన్నాడు.

చికాగో కబ్స్ ఆటగాడు హాక్ విల్సన్‌ది ఇంకో ముచ్చట. 1930లో తన బ్యాట్‌తో జట్టుకి 190 పరుగులు తెచ్చాడని రాసుకున్నారు. ఒకటి పొరపాటున సాటి ఆటగాడి ఖాతాలో పడిందని తర్వాత ఎవరో పట్టుకున్నారు. 1999లో దాన్ని 191గా దిద్దారు. విల్సన్ 1948లోనే పోయాడు. ఆ ఒక్క పరుగు లేకపోయినా రికార్డు అతనిదే, దిద్దినందువల్ల ఎవరికీ కానీ కలిసిరాలేదు. అయినా దిద్దారు. క్రికెట్‌లో మన సి.కె. నాయుడు 1926లో బొంబాయి జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లు బాదాడని ఇవాళ చెప్పుకుంటున్నామన్నా, ఆ పదకొండూ ఎవరో కూచుని రాసిపెట్టబట్టే.

కంప్యూటర్‌లో పుట్టి కంప్యూటర్‌లోనే పోయే హోమ్‌రన్లకి ఇంత శ్రద్ధ దండగ అనేవాళ్లతో నాకు పేచీ లేదు. కాకపోతే ఒకటి: లాభం ఉన్న లెక్కను ఎవడైనా జాగ్రత్తగానే రాస్తాడు. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పద్దు రాసుకుంటూ కనిపిస్తే, దేనికిదంతా అని మాత్రం అడక్కండి. ఈ వారం ముందున్నదెవరో అడగండి.