గోడకు వాకిలి ఉందా?



తెరేజమ్మ అనగానే మన ఇళ్లలో అందరికీ గులాబీలు పట్టుకున్న లిసియు పట్టణపు చిన్న తెరేజమ్మే కళ్లముందు మెదులుతుంది. అక్టోబరు 1న ఆమె పండుగ ఎంతో భక్తితో చేసుకుంటాం. రెండు వారాలు తిరిగేసరికి, అక్టోబరు 15న, మరో తెరేజమ్మ పండుగ వస్తుంది. ఆమె స్పెయిను దేశపు ఆవిలా పట్టణానికి చెందిన పెద్ద తెరేజమ్మ. 1515లో పుట్టి 1582లో ప్రభువును చేరుకున్నారు. 1970లో ఆరవ పౌలు పోపుగారు ఆమెను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. ఆ బిరుదు పొందిన తొలి స్త్రీ ఆమే. అయినా మన పీఠాల మీద ఆమె స్వరూపం అంతగా కనిపించదు. ఈ వారం ఆమె ఊరికి వెళ్లివద్దాం రండి.

ఆవిలా చుట్టూ ఒక రాతిగోడ ఉంది. 11వ శతాబ్దం చివరి నుంచి 12వ శతాబ్దందాకా కట్టిన కోటగోడ అది. దాదాపు రెండున్నర కిలోమీటర్ల చుట్టుకొలత, ఎనభైకి పైగా బురుజులు, తొమ్మిది వాకిళ్లు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఊరి మేత్రాసన దేవాలయపు వెనుక భాగం ఆ కోటగోడలో ఒక బురుజు. లోపలివైపు నుంచి చూస్తే అది పూజాపీఠం చుట్టూ ఉన్న గోడ, బయటివైపు నుంచి చూస్తే శత్రువును ఎదిరించే కోట. ఒకే రాయి రెండు పనులూ చేస్తోంది!

తెరేజమ్మగారు చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వేదసాక్షుల చరిత్రలు చదివి చదివి, అన్న రోద్రిగోతో కలిసి ఇంట్లో చెప్పకుండా బయలుదేరారు. ఎక్కడికి? మహమ్మదీయుల దేశానికి వెళ్లి క్రీస్తుకోసం తల తెగగొట్టించుకోవడానికి! కోటవాకిలి దాటి కొంతదూరం పోయారో లేదో, పినతండ్రి ఎదురుపడి ఇద్దర్నీ వెనక్కి తీసుకొచ్చారని చెబుతారు. నవ్వు తెప్పించే సంగతే. కాని ఆ పసిమనసులో గోడకు అవతల ఉన్నవాడంటే తలలు నరికేవాడే. ఆ మాట ఆ పిల్లకు ఎవరు చెప్పారు? ప్రత్యేకంగా ఎవరూ చెప్పనక్కరలేదు. పుట్టినప్పటినుంచి చూస్తున్న గోడే చెప్పింది.

గోడలన్నీ పాపమని నేను అనడం లేదు. ఐబీరియా ద్వీపకల్పంలో, అంటే నేటి స్పెయిను, పోర్చుగల్ ఉన్న నేలమీద, ఏడువందల ఏళ్లకు పైగా క్రైస్తవ రాజ్యాలూ ముస్లిం రాజ్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. సరిహద్దు ఒకచోట నిలవలేదు. నేటికీ దక్షిణ స్పెయినులో ఖెరెస్ దె లా ఫ్రొంతెరా, ఆర్కోస్ దె లా ఫ్రొంతెరా వంటి ఊళ్లున్నాయి. ఫ్రొంతెరా అంటే సరిహద్దు. సరిహద్దు పోయి ఐదువందల ఏళ్లు దాటినా ఊరి పేరులో మాత్రం మిగిలిపోయింది. అలాంటిచోట రాత్రిపూట పిల్లాపాపలు నిద్రపోవాలంటే గోడ కావలసిందే. మన పొలానికి మనం ముళ్లకంచె వేసుకోవడం లేదా?

అయితే ఆ సరిహద్దును దాటిపోయే మనుషులు కూడా ఉండేవారు. చెరపట్టుకుపోయిన బందీలను ధనమిచ్చి విడిపించి తెచ్చేందుకు ఇరుపక్షాలవారూ నమ్మిన మధ్యవర్తులు అటూ ఇటూ తిరిగేవారు. 1218లో బార్సెలోనాలో పునీత పేతురు నొలాస్కోగారు మెర్సిడారియన్ సభను స్థాపించింది కూడా ఈ పనికోసమే. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టులకు తోడు ఆ మఠవాసులు నాలుగవది ఒకటి ఇచ్చేవారు. బందీ విశ్వాసం కోల్పోయే ప్రమాదంలో ఉండి, విడిపించే సొమ్ము చాలకపోతే, అతని బదులు తామే బందీలుగా ఉండిపోతామని! గోడ ఉంది, నిజమే. గోడకు వాకిలి ఉంది, ఆ వాకిలిలోనుంచి తన ప్రాణాన్ని పణంగా పెట్టి బయటికి వెళ్లేవాడూ ఉన్నాడు. ఆ మాత్రం ఉంటే చాలు, ఆ గోడ గురించి నాకు దిగులు లేదు.

దిగులంతా గోడ ఊరి చుట్టూ కాక ఊరి మధ్యకు, చివరకు గుడి మధ్యకు వచ్చినప్పుడే. 1449లో తొలేదో నగరంలో ఒక శాసనం చేశారు. యూదుమతం విడిచి జ్ఞానస్నానం పొందినవారికీ, వారి సంతతికీ నగరంలో ఏ పదవీ ఇవ్వకూడదట. కారణం, వారి రక్తం శుద్ధమైనది కాదట! అదే ఏడాది ఐదవ నికొలాసు పోపుగారు ఆ శాసనాన్ని ఖండించారు. జ్ఞానస్నానం పొందిన వారందరూ ఒక్కటే అన్నారు. ఏం లాభం? పోపుగారి మాట కాగితంమీద ఉండిపోయింది, రక్తశుద్ధి నియమం మాత్రం ఊరూరా పాకింది. పదవులు, విద్యాలయాలు, సన్యాస సభలు, మేత్రాసన దేవాలయాల గురువుల మండలులు, ఒకటేమిటి! తాతముత్తాతలు ఎవరో నిరూపించుకుంటేగాని ప్రవేశం లేదు. యేసుసభ వారు చాలాకాలం ఎదురు నిలిచారు. వారి రెండవ పెద్ద దియేగో లాయినెస్‌గారే యూదు వంశీకులు. చివరకు 1593లో వారూ లొంగిపోయారు. ఆ నిషేధం పూర్తిగా తొలగింది 1946లో. మన తాతల కాలం అన్నమాట.

ఇప్పుడు తెరేజమ్మగారి ఇంటి సంగతి. ఆమె తాత హువాన్ సాంచెస్‌గారు తొలేదోలో బట్టల వర్తకుడు, యూదు వంశీకుడు. 1485లో ఇన్‌క్విజిషన్ న్యాయస్థానం ఆయనచేత పసుపుపచ్చని ప్రాయశ్చిత్త వస్త్రం తొడిగించి, ఏడు శుక్రవారాలు గుడి తర్వాత గుడికి నడిపించింది. వీధిలో అటూ ఇటూ నిలబడి చూసినవారు ఎవరు? తోటి క్రైస్తవులే. ఆ తర్వాత కుటుంబం ఆవిలాకు వలసవచ్చింది. ఈ సంగతి తెలిపే దస్తావేజులు వెలుగుచూసింది 1940లలోనే. శ్రీసభ పండితురాలి తాతను శ్రీసభ బిడ్డలే వీధుల్లో నడిపించారు.

మనకెందుకు ఈ పరదేశపు గొడవ అంటారా? ఒక్క మాట వినండి. ఐబీరియాలో వంశానికి, జాతికి 'కాస్తా' అనే మాట ఉండేది. పోర్చుగీసువారు మన దేశపు రేవుల్లో దిగి, మన కులాలను చూసి, తమకు తెలిసిన ఆ మాటనే వాటికి పెట్టారు. ఇంగ్లీషులోని 'క్యాస్ట్' అనే పదం అక్కడినుంచి వచ్చిందే. వాళ్లు మనలో చూసిన రోగాన్ని వెంటనే గుర్తుపట్టారు, ఎందుకంటే అది వాళ్లింట్లోనూ ఉంది. పెళ్లి సంబంధం మాట రాగానే మన విచారణల్లో మొదట పుట్టే ప్రశ్న ఏమిటి? పిల్ల పూజకు వస్తుందా అని కాదు, పిల్లవాడు తాగుతాడా అని కూడా కాదు. "వాళ్లు మనవాళ్లేనా?" పాపసంకీర్తనం చేసుకుని, దివ్యసత్ప్రసాదం నాలుకమీద కరగకముందే గుడి మెట్లమీద ఈ ప్రశ్న అడిగేవారిని నేను చూశాను. తొలేదో శాసనాన్ని తెలుగులోకి మార్చాలంటే ఆ రెండు మాటలు చాలు.

1982 నవంబరు 1న ఆవిలాకు ఒక యాత్రికుడు వచ్చారు. తెరేజమ్మగారి నాలుగువందల వర్ధంతి ఉత్సవాల ముగింపుకు వచ్చిన రెండవ జాన్‌పాల్ పోపుగారు. ఆయన పోలెండువారు, స్లావు జాతివారు. ఆ జాతి ప్రజలకు గోడలకన్నా ఎక్కువ బాధపెట్టింది సరిహద్దులు. ఐబీరియాకు మూడువైపులా సముద్రం, నాలుగోవైపు పర్వతాలు. తూర్పు ఐరోపాలోని ఆ విశాలమైన మైదానాలకు అలాంటి కాపలా లేదు. పోలెండు రాజ్యాన్ని ఇరుగుపొరుగు రాజులు పంచుకోగా 1795 నుంచి 1918 వరకు పటంలో ఆ దేశమే లేదు. ప్రజలు ఇల్లు కదలకుండానే వారి దేశం మారిపోయేది. సరిహద్దుకు స్లావులు వాడే 'గ్రనిత్సా' అనే మాటను జర్మనులు అరువు తెచ్చుకుని 'గ్రెంట్సె' అన్నారు. సరిహద్దు ఎవరిదో తేలలేదు కాని, దాని పేరు మాత్రం ఇద్దరూ పంచుకున్నారు!

ఇటలీకి, నేటి స్లొవేనియాకు నడుమ గోరిత్సా అనే పట్టణం ఉంది. 1947లో అక్కడ కొత్త సరిహద్దు గీశారు. పట్టణం ఇటలీకి, దాని తూర్పు శివార్లు, స్లావు పల్లెలు అప్పటి యుగొస్లావియాకు. పొలాలు అటు, ఇళ్లు ఇటు. మీరెన్ అనే పల్లెలోనైతే ఆ గీత సమాధుల తోటలోనుంచి, కొన్ని సమాధులమీదుగా కూడా పోయింది. 1975లో ఒప్పందం కుదిరేదాకా అంతే. చచ్చినవాళ్లకు ఏ దేశమని చెప్పాలి? బ్రతికినవాళ్లు మాత్రం ఊరుకోలేదు. 1950 ఆగస్టు 13, ఆదివారం. బంధువులను చూసుకోవడానికని వందలాదిగా సరిహద్దు దగ్గర గుమిగూడినవారు కాపలావాళ్లను తోసుకుని పట్టణంలోకి వెళ్లిపోయారు. దుకాణాల్లో తమవైపు దొరకని సరుకులన్నీ కొన్నారు. అన్నిటికన్నా ఎక్కువగా కొన్నవి చీపుర్లు! ఆ రోజును నేటికీ 'చీపుర్ల ఆదివారం' అంటారు. రాజ్యాధినేతలు గీసిన గీతను గృహిణులు చీపుర్లు భుజాన వేసుకుని దాటారు. రైల్వేస్టేషను ముందరి కంచెను 2004లో తీసేశారు. 2025లో ఆ రెండు పట్టణాలూ కలిసి ఐరోపా సాంస్కృతిక రాజధానిగా ఉత్సవాలు చేసుకున్నాయి.

కంచె తీయడం తేలికే. మనసులో గీత తీయడం ఎంత కష్టమో పోలెండు మేత్రాణులకు తెలుసు. యుద్ధంలో జర్మనులు చేసిన ఘోరాలు మీకు తెలియనివి కావు. 1945లో సరిహద్దులు పడమరకు జరిగాయి. లక్షలాది పోలెండువారు తూర్పున ఇళ్లు కోల్పోయి వచ్చారు, లక్షలాది జర్మనులను పడమర నుంచి వెళ్లగొట్టారు. ఇరవై ఏళ్లయినా గాయం పచ్చిగానే ఉంది. అప్పుడు, 1965 నవంబరు 18న, వాటికన్ మహాసభ ముగిసే రోజుల్లో, పోలెండు మేత్రాణులు జర్మను మేత్రాణులకు ఒక లేఖ వ్రాశారు. తాము క్షమిస్తున్నామని అందులో ఉంది. అంతటితో ఆగితే అందరూ మెచ్చుకునేవారే. తమను కూడా క్షమించమని అడిగారు! దేశం భగ్గుమంది. ప్రభుత్వం వారిని దేశద్రోహులుగా చిత్రించింది. మరుసటి ఏడాది పోలెండు క్రైస్తవానికి వెయ్యేళ్ల పండుగకు ఆరవ పౌలు పోపుగారిని రానివ్వలేదు. గుడికి వచ్చే సామాన్యులు కూడా, ఇంట్లో చనిపోయినవారిని తలచుకుని, మనం ఎందుకు క్షమాపణ అడగాలి అన్నారు. లేఖ మీద సంతకం చేసిన క్రాకొవ్ అగ్రపీఠాధిపతిని, ఆయన యువకుడిగా కూలిపని చేసిన కర్మాగారపు కార్మికుల పేరుతోనే పత్రికల్లో తప్పుపట్టారు. ఆ అగ్రపీఠాధిపతే తర్వాత ఆవిలాకు వచ్చిన పోపుగారు.

నేనైతే ఆ లేఖమీద సంతకం చేసి ఉండేవాణ్ణా? తమ్ముడితో చేనుగట్టు తగాదా పెట్టుకుని పదేళ్లుగా మాట్లాడని ఒక పెద్దాయనకు ఓసారి ఈ కథ చెప్పాను. అంతా విని, "వాళ్లు మేత్రాణులు గనుక చేశారు ఫాదర్" అన్నాడు. ఆయన్ను ఏమీ అనలేకపోయాను. నా మనసులోనూ అదే మాట ఉంది.

కనుక మళ్లీ తెరేజమ్మగారి దగ్గరికే వెళ్దాం. లూకా సువార్తలోని ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు. అతని ఇంటికి వాకిలి ఉంది, ఆ వాకిట్లోనే లాజరు పడి ఉన్నాడు, అంతే. తెరేజమ్మగారికీ అలాంటి ఒక వాకిలి ఎదురైంది. 1569లో ఆమె కొత్త మఠం స్థాపించడానికి తొలేదోకు వెళ్లారు. తాతను ఏడు శుక్రవారాలు నడిపించిన ఊరు అదే! ఒక వర్తక కుటుంబం ఆ మఠానికి సొమ్ము ఇస్తామంది. మఠం గుడిలో ముఖ్య పీఠం ఉన్న భాగానికి పోషకులుగా ఉండే గౌరవం కోరింది. ఊరి పెద్దలు ఆమెను చుట్టుముట్టారు. వాళ్లు కులీనులు కారు, అంతటి చోటు వాళ్లకెలా ఇస్తారన్నారు. తెరేజమ్మగారు తన గ్రంథంలో దాచకుండా ఒప్పుకున్నారు, ఆ మాటలకు తానూ చెవి ఒగ్గానని. ప్రార్థనలో ప్రభువు తనను గట్టిగా మందలించారని, తీర్పు దినాన ఈ వంశాలు ఏపాటివని అడిగారని వ్రాసుకున్నారు.

ఆ చోటు ఆమె వర్తకుడి ఇంటివారికే ఇచ్చారు.