పాట ఎవరి సొత్తు?

'శంకరాభరణం' (1980)లో 'బ్రోచేవారెవరురా' విని, సినిమావాళ్లు కృతిని పాడుచేశారని పెదవి విరిచేవారున్నారు. కచేరీలోని నెరవు, స్వరకల్పన అందులో లేవు, నిజమే.

కానీ ఆ కృతి కట్టిన మైసూరు వాసుదేవాచార్యులు కన్నడసీమవారు, రాసింది తెలుగులో. సినిమాలో పాడిన బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయంగా సంగీతం నేర్వలేదు. వాణీ జయరాం తమిళనాట పుట్టారు. ఆ సినిమాకే ఇద్దరికీ జాతీయ బహుమతులొచ్చాయి.

చరణంలోని వాసుదేవ ముద్ర ఎవరు పాడినా చెరగదు. చెక్కు ఎన్ని చేతులు మారినా సంతకం రాసినవారిదే గదా (మా బ్యాంకు భాష, మన్నించాలి). పాడేవారి బాకీ ఒక్కటే: ఆ మొర తనదనుకుని పాడడం. వీరిద్దరూ దాన్ని తీర్చారనే నా నమ్మకం.

ఇక్కడ బెంగుళూరులో మన పిల్లలు ఇదే కృతిని కన్నడ లిపిలో రాసుకుని పాడితే మొహం చిట్లిస్తాం. ఆచార్యులవారు తెలుగులో రాస్తుంటే మైసూరు కూడా అలాగే చిట్లించి ఉంటే?