గంట ఎందుకు మోగింది?



అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారం మళ్లీ మోగింది. మంట లేదు. పొగ లేదు. మొదటిసారి మోగినప్పుడు అందరూ మెట్ల మీదికి పరుగెత్తారు. ఇప్పుడు తలుపు తీసేవాళ్లు కూడా లేరు. వాచ్‌మన్ వెళ్లి మీట నొక్కుతాడు. గంట ఆగుతుంది. ఎందుకు మోగిందో మాత్రం ఎవరూ అడగరు.

నాన్నా పులి కథ గుర్తొస్తోంది కదూ? కానీ ఆ పిల్లవాడు కావాలని అబద్ధమాడాడు. ఈ గంటకు అబద్ధం తెలియదు. పైకప్పుకున్న ఆ చిన్న డబ్బాలో సన్నని వెలుగు ఉంటుంది. పొగ దూరితే వెలుగు చెదురుతుంది. గంట మోగుతుంది. పాపం, దానికి పొగకూ ఆవిరికీ తేడా తెలియదు. స్నానాలగది ఆవిరైనా చాలు. గోడలు గీకిన దుమ్మైనా చాలు. లోపల దూరిన చిన్న పురుగైనా చాలు. ఇక మన పోపు, సాంబ్రాణి సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందుకే, ఎందుకు మోగిందో చూడాలి. ఎక్కడ మోగిందో కింద ఉన్న అలారం ప్యానెల్ చూపిస్తుంది. వాచ్‌మన్‌ను దాన్ని ఒక పుస్తకంలో రాసిపెట్టమనండి. ప్రతిసారీ అదే చోటైతే, ఆ డబ్బా శుభ్రం చేయించాలి. వంటగది పక్కనే ఉంటే చోటు మార్పించాలి. వంటగదిలోకి వేడిని పసిగట్టే రకం వేరే ఉంది. రంగులు వేసేటప్పుడు తొడుగు వేయాలి. పనయ్యాక తీసేయాలి. ఈ రెండోదే మనవాళ్లు మరిచిపోతారు.

వైరు పీకేయడం మాత్రం వద్దు. బాగుచేయించేదాకా, మోగినప్పుడల్లా కిందికి రావాల్సిందే. లిఫ్ట్‌లో కాదు, మెట్ల మీదుగా. అసోసియేషన్ మీటింగ్‌లో పార్కింగ్ గొడవ ఎప్పటికి తేలుతుందో గానీ, ఈసారి ముందు ఈ మాట ఎత్తండి.